హీరోకి పదికి తొమ్మిది

పరుపుల షాపులో పనిచేసే ఆ అమ్మాయిని ఇంట్లోవాళ్ళు రేడియో అని పిలిచేవాళ్ళు. ముద్దుగా కాదు, విసుగుతోనే. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆమెకి తెలియాలి, తెలిశాక అది ఆమె కడుపులో ఆగదు. అలాంటి పిల్ల మనసు ఆరోగ్యం గురించి ప్రచారం చేసే వాలంటీర్లలో చేరానని చెప్పగానే వాళ్ళ నాన్న పేపరు దించి, "పాపం జనం," అని మళ్ళీ పేపరు ఎత్తాడు.

జట్టు పేరు 'మనసు విప్పండి'. ఆ పేరు పెట్టుకోవడానికే తలప్రాణం తోకకొచ్చింది. తర్వాత చొక్కాల రంగు దగ్గర జట్టు రెండు ముక్కలయ్యేంత పనైంది. పసుపు ఉత్సాహానికి గుర్తని ఒకరన్నారు, కామెర్లకి గుర్తని ఇంకొకరన్నారు. చివరికి ప్రింటింగు షాపువాడి దగ్గర ఎవరో తీసుకెళ్ళకుండా వదిలేసిన ఆకుపచ్చ చొక్కాలు సగం ధరకి వస్తే, ఆకుపచ్చ ప్రశాంతతకి గుర్తని అందరూ ఒప్పుకున్నారు.

జట్టులో డాక్టరు అనే కుర్రాడు ఉన్నాడు. డాక్టరంటే డాక్టరేం కాదు, మందుల షాపులో బిల్లులు కొడతాడు. కాలేజీలో మనస్తత్వ శాస్త్రం ఒక్క ఏడాది చదివి మానేశాడు గానీ ఆ ఏడాది మాత్రం అతన్ని మానలేదు. ఎవరైనా తుమ్మితే చాలు, దాని వెనక బాల్యం ఉందంటాడు. స్టిక్కరు అని ఒక కాలేజీ పిల్ల ఉంది. గోడ ఖాళీగా కనిపిస్తే ఆమెకి చెయ్యి దురద. 'మీరు ఒంటరి కాదు' అన్న స్టిక్కర్లని ఊళ్ళో బస్టాపులకీ కరెంటు స్తంభాలకీ అంటించి, అవి అయిపోయాక బస్టాండు మరుగుదొడ్ల తలుపులకి లోపలివైపు కూడా అంటించింది. లోపల కూర్చున్నవాళ్ళు ఎంత హడలిపోయారో ఎవరూ వచ్చి చెప్పలేదు.

ఇక హీరో. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొడుగ్గా, చామనఛాయగా, మాట తక్కువగా ఉండే మనిషి. హీరో అన్న పేరు మొహాన్ని చూసి పెట్టింది కాదు, నటన చూసి పెట్టింది.

అదెలాగంటే, వీళ్ళకి రెండ్రోజులు శిక్షణ ఇచ్చింది పెద్దాసుపత్రిలో మనసు జబ్బులు చూసే ఒక మేడమ్. మనిషిని ఎలా పలకరించాలి, ఎలా వినాలి, సాయం దగ్గరికి ఎలా నడిపించాలి, ఈ మూడు మెట్లూ నేర్పింది. 'ధైర్యంగా ఉండు', 'నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా' లాంటి మాటలు నోట్లోంచి రాకూడదని గట్టిగా చెప్పింది. ఒకరు బాధితుడిగా కూర్చుంటే ఒకరు పలకరిస్తూ, మీలో మీరు సాధన చేసుకోండి అంది. పదికి మార్కులు వేసుకోమని మాత్రం ఆమె చెప్పలేదు. అది డాక్టరు సొంత బుర్ర.

సాధన ఆదివారం పొద్దున్నే, షాపు తెరవకముందు, రేడియో వాళ్ళ బాబాయి పరుపుల షోరూములో. బాబాయి షరతు ఒకటే, పరుపుల మీది ప్లాస్టిక్ కవర్లు తియ్యకూడదు. అందువల్ల ఎవరు ఎంత బాధగా కదిలినా కింద కిర్రుకిర్రుమని చప్పుడు వచ్చేది. స్టిక్కరు బాధితురాలిగా కూర్చుంటే రెండు మాటలకే ఫక్కున నవ్వేసేది. డాక్టరు బాధితుడైతే తన జబ్బు గురించి తనే ఉపన్యాసం ఇచ్చేవాడు. రేడియో బాధితురాలిగా చేసినరోజు ఆమె కష్టాలు వింటూ వింటూ డాక్టరు ఆ పక్క పరుపు మీదే ఒరిగి నిద్రపోయాడు. పరుపు మాత్రం బాగుందన్నాడు లేచాక.

హీరో కూర్చుంటే పద్ధతే వేరు. పరుపు అంచున కూర్చునేవాడు. ప్లాస్టిక్ కూడా చప్పుడు చేసేది కాదు.

"పొద్దున అలారం మోగుతుంది," అనేవాడు మెల్లగా. "ఆపుదామంటే చెయ్యి లేవదు. అది మోగి మోగి అదే ఆగిపోతుంది. లిఫ్టు ఆగిపోయిందని ఫోన్లు వస్తుంటాయి. లోపల మనుషులుంటారని తెలుసు. అయినా ఫోను వంక చూస్తూ ఉంటాను. అన్నం తింటుంటే అట్టముక్క నములుతున్నట్టుంటుంది. అందరూ గాజు పలక అవతల ఉండి మాట్లాడుతున్నట్టుంటుంది."

అక్కడ ఆగేవాడు. ఆ ఆగడం అంతా ఇంతా కాదు. షోరూములో ఈగ వాలినా వినిపించేది. తర్వాత అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టేవాళ్ళు.

"ఆ మధ్యలో ఆగావు చూడూ, అదిరింది," అనేవాడు డాక్టరు. "గాజు పలక ఎక్కడ పట్టావు?"

"ఊరికే తోచింది," అనేవాడు హీరో.

మార్కులు వేసే పని రేడియోది. ఆమె ఎవరికీ ఆరు దాటనిచ్చేది కాదు, హీరోకి మాత్రం తొమ్మిది వేసింది.

"పది ఎందుకు వెయ్యలేదో తెలుసా? చివర్లో ఏడవట్లేదు నువ్వు. కాస్త కన్నీళ్ళు పెట్టుకుంటే హాలంతా నీ వెనకే."

"ఏడుపు రావట్లేదు."

"రాకపోవడమేంటి, ప్రయత్నించు. ఇంట్లో ప్రాక్టీసు చెయ్యి."

సరేనని తలూపాడు. హాలంటే ఉత్త హాలు కాదు. వచ్చే ఆదివారం బస్సు కంపెనీ సమావేశం హాల్లో, డ్రైవర్లు కండక్టర్లు వాళ్ళ కుటుంబాలు అందరి ముందూ ప్రదర్శన. స్టేజీ, దీపాలు, రేడియోకి నిజమైన మైకు. ఆ మైకు తలుచుకుంటేనే ఆమెకి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. హీరో బాధితుడు, తను పలకరించే మనిషి. ఇది బాగా నడిస్తే ఊళ్ళో ప్రతి ఆఫీసూ వీళ్ళని పిలుస్తుంది. పిలవకపోతే వెళ్ళి పిలిపించుకుంటుంది, అది వేరే సంగతి.

గురువారం మధ్యాహ్నం షాపులో బేరాల్లేని సమయంలో హీరో వాళ్ళ అక్క వచ్చింది. బట్టలు సైజు చేసి ఇస్తుంది ఆమె, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. తలగడ కావాలంది. రేడియో నాలుగు రకాలు తీసి చూపించింది. ఆమె ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేదు. చేతిలో ఉన్నదాన్ని నొక్కుతూ నొక్కుతూ, షాపులోకెల్లా ఖరీదైన పరుపు మీద కూలబడింది. ప్లాస్టిక్ కిర్రుమంది.

"ఏమీ అనుకోకు అమ్మాయ్. మీ నాటకాలు కాస్త తగ్గించుకోండి."

"ఏమైందక్కా?"

"మావాడికి ఇదే పనైపోయింది. ఇరవైనాలుగ్గంటలూ ప్రాక్టీసే. గదిలో లైటు వెయ్యనివ్వడు, ప్రాక్టీసు అంటాడు. స్నానం చెయ్యరా అంటే ప్రాక్టీసు. పెట్టిన కంచం పెట్టినట్టే తిరిగొస్తుంది, అడిగితే పాత్రలోకి వెళ్ళాలి అక్కా అంటాడు. ఎంత పాత్రయితే మాత్రం అన్నం తినదా?"

రేడియో నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది.

"పనికి వెళ్ళి వచ్చాక చేస్తున్నాడా ఇదంతా?"

"పనెక్కడిది? మీ ప్రదర్శన కోసం సెలవు పెట్టాడుగా. చాలా రోజులైంది. మీరే పెట్టమన్నారన్నాడు."

ఎవరూ పెట్టమనలేదు. జట్టుకి పోయిన ఆదివారం కూడా, డ్యూటీ నుంచి నేరుగా వస్తున్నానని చెప్పాడు. రేడియో చేతిలో తలగడ పట్టుకుని నిలబడిపోయింది. ఆదివారాల్లో విన్నవన్నీ వరసగా చెవిలో పడ్డాయి, అలారం, ఫోను, అట్టముక్క. ఏడుపు రావట్లేదన్న మాట కూడా పడింది. దానికి తను మార్కు తగ్గించింది. ఇంట్లో వాళ్ళకేమో ఇదంతా జట్టు కోసం చేసే ప్రాక్టీసు. జట్టుకేమో ఇదంతా పుట్టుకతో వచ్చిన కళ. మనిషి ఇద్దరి మధ్యా పట్టపగలు కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెబుతుంటే, ఒకరు విసుక్కున్నారు, ఒకరు చప్పట్లు కొట్టారు.

అక్కని అక్కడే కూర్చోమని, వెనక గోడౌన్లోకి వెళ్ళి డాక్టరుకి ఫోన్ చేసింది. అతను స్టిక్కరుని కూడా లైన్లోకి లాగాడు. సంగతంతా చెప్పింది.

"పాత్రలో లీనమైపోయి ఉంటాడు," అన్నాడు డాక్టరు. "గొప్ప నటులు నెలల తరబడి అలాగే ఉంటారు. తొందరపడి పేరు పెట్టకూడదు. ముందు మీటింగు పెట్టి చర్చిద్దాం."

"మీటింగేంట్రా?"

"మరి? మనవాడికే ఇలా అయిందంటే జట్టు పరువేం కావాలి. పద్ధతిగా వెళ్దాం."

స్టిక్కరు గొంతు సవరించుకుంది. "అక్కా, ఆదివారం హాలు ఖాయమైపోయింది కదా. పోస్టర్లు కూడా అంటించేశాను. ఆ ఒక్కటీ అయ్యాక చూద్దామా?"

చెప్పకూడదు గానీ, ఒక్క క్షణం రేడియోకి కూడా అది సబబుగానే తోచింది. ఇంకెంత, మూడ్రోజులు. స్టేజీ, దీపాలు, మైకు. మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యమంతా డాక్టరు మీద తిట్టుగా మార్చి, ఫోన్ పెట్టేసి మేడమ్‌కి చేసింది.

మేడమ్ రెండే ప్రశ్నలు అడిగింది. అతని పక్కన ఇప్పుడు ఎవరైనా ఉన్నారా, ఎంత తొందరగా వెళ్ళగలవు. "సూటిగా అడుగు. ఒంటరిగా వదలకు. ఇవాళే నా దగ్గరికి తీసుకురండి, ఎంతసేపైనా ఉంటాను," అంది. "మీటింగు పెట్టుకోవాలంటున్నారు మేడమ్," అని రేడియో నసిగితే, "వచ్చే ఏడాది పెట్టుకోండి," అంది.

బాబాయికి షాపు చూసుకోమని చెప్పి, అక్కని వెంటబెట్టుకుని బయల్దేరింది. దారిలో అక్క ఏమీ అడగలేదు. తలగడ కొనడం ఇద్దరూ మర్చిపోయారు.

ఇంట్లో ముందుగదిలో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, కొక్కేలకి వేలాడుతున్న ఎవరెవరివో ప్యాంట్లు. అక్క నేరుగా వెళ్ళి ఇస్త్రీ పెట్టె స్విచ్చి వేసి, చేతికందిన చొక్కా పరిచింది. లోపలి గది తలుపు దగ్గర పనిముట్ల సంచి ఉంది, దాని పట్టీ మీద దుమ్ము. రేడియో తలుపు తోసుకుని వెళ్ళింది. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. మంచం పక్కన మీగడ కట్టిన టీ గ్లాసులు. ఆకుపచ్చ చొక్కా ఉండచుట్టి కుర్చీలో పడుంది. గదిలో ఉతకని బట్టల వాసన వేస్తోంది.

హీరో మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆమెని చూసి ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయే ఓపిక లేనట్టున్నాడు.

"ఎలా ఉన్నావురా?"

"మొదటి మెట్టు," అన్నాడు.

రేడియో కుర్చీలోని చొక్కా తీసి కూర్చుంది. దారంతా కూర్చుకున్న వాక్యాన్ని పట్టుకుంది. "ఈమధ్య నువ్వు కాస్త..."

"ముభావంగా ఉంటున్నావనిపించింది. మాట్లాడాలని ఉంటే వినడానికి నేనున్నాను. అంతేగా? చేతులు కట్టుకోకు, దూరం పెట్టినట్టుంటుంది. కళ్ళలోకి చూడు. మరీ అంత గుచ్చి కాదు. ఆరు వేస్తాను."

నేర్చుకున్న వాక్యాలు ఇంకా రెండు మూడు ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసింది. ఆమె మొదలుపెట్టడం ఆలస్యం, అతను పూర్తి చేశాడు. అన్నీ అతనికి కంఠతా వచ్చు. ఎందుకు రావు, ప్రతివారం వాటిని విన్నది అతనే కదా. ఊరందరి మనసులూ విప్పించడానికి తెచ్చిన సరుకు అంతా అయిపోయి, రేడియో ఉత్త చేతులతో మిగిలింది. అప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏరా దున్నపోతా. నేను నీకేమవుతాను? పక్కనే కూర్చుంటాం, ఒకే గ్లాసులో టీ తాగుతాం. నాకు చెప్పాలని తోచలేదా? ఎందుకు చెప్పలేదు?"

ఇలాంటి మాటలు అనకూడదని మేడమ్ రెండ్రోజులూ చెప్పింది. రేడియోకి అప్పుడేదీ గుర్తు లేదు.

"చెప్పాను," అన్నాడు హీరో. "ప్రతి ఆదివారం చెప్పాను. మీరు చప్పట్లు కొట్టారు."

కోపంగా అనలేదు. అలా కోపంగా అనుంటే రేడియో తిరిగి ఏదో ఒకటి అనగలిగేది. అవతల గదిలో ఇస్త్రీ పెట్టె బల్ల మీద కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మేడమ్ అడగమన్న ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. అడిగితే లేని ఆలోచన పుట్టుకురాదు, ఉన్నది బయటికొస్తుందని శిక్షణలోనే చెప్పింది. సాధనలో ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం జట్టంతా నీళ్ళు నమిలేది. వినడానికి మోటుగా ఉందని డాక్టరు దాన్ని 'ప్రతికూల భావనలు కలుగుతున్నాయా' అని మార్చాడు. స్టిక్కరేమో అది మరీ పొడుగైంది, అంటించే కాగితం మీద పట్టదంది. చివరికి ఆ ప్రశ్నే ఎత్తేశారు. అంటే ఇన్ని ఆదివారాల్లో అతన్ని ఎవరూ ఆ మాట అడగలేదు.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగింది రేడియో.

హీరో ఆమె వంక చూశాడు. ఈ వాక్యాన్ని మాత్రం పూర్తి చెయ్యలేదు. మార్కూ వెయ్యలేదు. చాలాసేపు దుప్పటి అంచుని వేళ్ళతో మెలిపెట్టాడు.

"అనిపిస్తోంది."

"ఇవాళ కూడానా?"

"ఇవాళ పొద్దున కూడా."

రేడియో కుర్చీలోంచి లేచి వెళ్ళి మంచం మీద అతని పక్కన కూర్చుంది. "నాకు భయంగా ఉందిరా," అంది. "ఇప్పుడేం చెయ్యాలో నాకు తెలీదు. మేడమ్ తీసుకురమ్మంది, అదొక్కటే తెలుసు."

"నాక్కూడా భయంగానే ఉంది," అన్నాడు.

ఇద్దరూ కాసేపు అలాగే భయపడుతూ కూర్చున్నారు. ఒక్కళ్ళే భయపడటం కంటే అది నయంగానే ఉంది.

"అక్కకి నువ్వు చెప్పు," అన్నాడు చివరికి.

రేడియో నోరు సరే అనబోయి ఆగింది. ఊళ్ళోవాళ్ళ కబుర్లన్నీ అడక్కుండానే మోసుకెళ్ళే నోరు అది. "నేను చెప్పను," అంది. "ఇది నువ్వే చెప్పాలి. నేను పక్కన నిలబడతాను."

లేవడానికి చాలాసేపు పట్టింది. గోడ పట్టుకుని లేచాడు. ముందుగదిలోకి వెళ్ళి ఇస్త్రీ బల్ల అవతల నిలబడ్డాడు. అక్క తల ఎత్తలేదు. అదే చొక్కా, అదే కాలరు, మళ్ళీ మళ్ళీ రుద్దుతోంది.

"అక్కా. అది ప్రాక్టీసు కాదు."

ఇస్త్రీ పెట్టె ఆగింది. అక్క దాన్ని నిలబెట్టి, స్విచ్చి ఆపి, వైరు కూడా పీకింది. అప్పుడు తమ్ముడి మొహంలోకి చూసింది.

"తెలుసురా," అంది. "నువ్వు ప్రాక్టీసు అన్నప్పుడల్లా సరేలే అనుకున్నాను. అలా అనుకుంటే నాకు నిద్ర పట్టేది. ఇవాళ తలగడ కొనడానికి వెళ్ళానా నేను? ఇంట్లో తలగడలకేం కరువు. ఆ అమ్మాయి ఏదైనా కనిపెట్టి అడుగుతుందేమో, నేను నోరు తెరిచి చెప్పక్కర్లేకుండా పోతుందేమోనని వెళ్ళాను." ఆమెకి ఏడుపొచ్చింది. కొలతల టేపుతోనే కళ్ళు తుడుచుకుంది. "నీకంటే పెద్దదాన్ని. అడగడానికి భయపడ్డాను."

"నాకూ అంతేనక్కా," అన్నాడు హీరో. "ప్రాక్టీసు అని పది మందికీ చెబుతుంటే, అంతేనేమో, నటిస్తున్నానేమో, ఆదివారం అయిపోతే ఇదీ అయిపోతుందేమో అని నాకూ అనిపించేది."

అక్క అతని చెయ్యి పట్టుకుంది. తర్వాత చెప్పులు వెతికి తనే తెచ్చి అతని కాళ్ళ ముందు పెట్టింది. స్నానం చేసి వస్తానని అతనంటే, అక్కర్లేదు, ఇలాగే పద అంది.

ముగ్గురూ ఆటోలో వెళ్ళారు. హీరో మధ్యలో కూర్చున్నాడు. దారిలో రేడియో ఫోను మోగుతూనే ఉంది. డాక్టరు, స్టిక్కరు, మళ్ళీ డాక్టరు. ఎత్తి, "ఆదివారం హాలు వద్దని చెప్పెయ్. కారణం అడిగితే మా మనిషికి బాగోలేదని చెప్పు," అని పెట్టేసింది. డాక్టరు ఈసారి చర్చిద్దామనలేదు. ఆస్పత్రికి తను కూడా వస్తున్నానని మెసేజి పెట్టాడు.

పెద్దాసుపత్రిలో మనసు జబ్బుల విభాగం వెనకవైపు ఉంది. నడవా నిండా జనం, బెంచీల మీద చోటు లేదు. ఆ గోడ మీద కూడా స్టిక్కరు అంటించిన స్టిక్కరు ఒకటి ఉంది, ఎవరో సగం గీకేశారు. కౌంటరు వెనక కూర్చున్న ఆయన కంప్యూటరులోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"పేషెంటు ఎవరు?"

రేడియో అలవాటు కొద్దీ నోరు తెరిచింది. అక్క కూడా ఏదో చెప్పబోయింది. ఇద్దరి మధ్యలోంచి ఒక అడుగు ముందుకేసి, హీరో కౌంటరు మీద చెయ్యి ఆనించాడు.

"నేనే," అన్నాడు.

కౌంటరు ఆయన తల ఎత్తి అతన్ని చూసి, మేడమ్ ఉన్న గది చూపించాడు. హీరో ఆమె ఎదురుగా కూర్చుని, నిజంగా ఏం జరుగుతోందో మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి విన్నవాళ్ళెవరూ బాగుందనలేదు.